పాలిప్ తీయించుకోబోతున్న చిట్టికి

చిట్టీ,

గర్భసంచిలో పాలిప్, అదే లోపలి పొర మీద పెరిగిన చిన్న కండ, తీయించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నెలనెలా అంత బ్లీడింగ్ అవుతుంటే దాచుకోకుండా నీ అంతట నువ్వే డాక్టర్‌కి చూపించుకున్నావు, నాకెంత గర్వంగా ఉందో. కానీ "పావుగంట పనే, ఒక్కదాన్నే వెళ్లి స్కూటీ మీద వచ్చేస్తా" అన్నావట. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.

రిపోర్టులు, ప్యాడ్లు పెట్టుకో. నీ ఆస్తమా సంగతి ముందే చెప్పు. మత్తు ఇస్తామంటే ఆరు గంటల ముందు నుంచీ ఏమీ తినకు, రెండు గంటల ముందు మంచినీళ్లూ ఆపెయ్. పాలు పోసిన టీ కూడా తిండి కిందే లెక్క, ఆ ఒక్క పూటా మానుకో తల్లీ.

1986లో మూడో నెలలో నాకు గర్భం పోతే డి అండ్ సి, అంటే గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం, చేయాలన్నారు. "మత్తు ఇవ్వమంటారా? పది నిమిషాల పని" అని డాక్టర్ అడిగితే, మా అత్తగారు "ఎందుకండీ, ఓర్చుకుంటుంది" అన్నారు. నేనూ తలూపాను. అదే నా తప్పు. లోపల గీకుతుంటే నడుం నుంచి తొడల దాకా పిండేసినట్టయింది. బల్ల పక్కన ఇనుప కడ్డీ పట్టుకున్నాను. "నొప్పిగా ఉందామ్మా?" అని నర్సు అడిగింది. లేదన్నాను. చెయ్యి వదిలాక చూసుకుంటే అరచేతి నిండా తెల్ల పెయింటు పెచ్చులు. "కిక్కురుమనలేదు మా కోడలు" అని అత్తగారు నలుగురికీ చెప్తే పొంగిపోయాను కూడా.

నలభై దాటాక బ్లీడింగ్ ఎక్కువై, లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. ఆ బల్ల గుర్తొచ్చి రెండేళ్లు ఆసుపత్రి గడప తొక్కలేదు. హిమోగ్లోబిన్ 6కి పడిపోయి మెట్ల మీద కూలబడితే మీ పెదనాన్న ఎత్తుకుని తీసుకెళ్లారు. అక్కడ మత్తు ఇచ్చారు, కళ్లు తెరిచేసరికి అయిపోయింది. ఇంతదానికా అని వెక్కివెక్కి ఏడ్చాను.

అందుకే, ఏ మత్తు ఇస్తారో ఇప్పుడే అడుగు. గర్భసంచి నోటి దగ్గర ఇంజెక్షన్ ఇస్తే అక్కడ మొద్దుబారుతుంది గానీ, పైభాగం పట్టేసినట్టు నొప్పి కొంత తెలుస్తుంది. కాన్పు కానివాళ్లకి ఇంకాస్త ఎక్కువే. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చేమో, ఆస్తమా ఉంది కాబట్టి ఏది పడుతుందో డాక్టర్‌నే అడుగు. తట్టుకోలేకపోతే "ఆపండి" అని గట్టిగా చెప్పు. ఇంకోరోజు పూర్తి మత్తులో చేయించుకోవచ్చు, కొంపలేం మునగవు.

స్కూటీ మాట మళ్లీ ఎత్తావంటే ఊరుకోను! మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపకూడదు. తర్వాత జ్వరం వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గురువారం రాత్రి బస్సెక్కుతున్నా. స్టాండుకి రావద్దు, ఆటోలో వచ్చేస్తా. డాక్టర్ ఒప్పుకుంటే లోపల నీ పక్కనే నిలబడతా.

మీ పెద్దమ్మ