మేనకోడలికి ప్రీడిస్టార్షన్ గురించి

విజయనగరం

చిరంజీవి పాపకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎటు వంచుతుందో దానికి విరుద్ధంగా ముందే వంచి (అదే ప్రీడిస్టార్షన్) పంపుతున్నా, ఆ వంపును గత నమూనాల ప్రభావంతో (మెమరీతో) సహా లెక్కగట్టే మెమరీ పాలినామియల్‌ను ఏడో ఘాతం దాకా పెంచినా, పక్క ఛానెల్‌లోకి పారే శక్తి తగ్గడం లేదని రాశావు. తొమ్మిదో ఘాతానికి పోయే ముందు, నీవు కొలుస్తున్నది ఆంప్లిఫయర్ దోషాన్నా, కొలత ఏర్పాటులోని దోషాన్నా అన్నది తేల్చుకో అమ్మా.

మొదట జాప్యం చూడు. సెకనుకు 12.288 కోట్ల నమూనాలు తీసుకుంటే రెండింటి మధ్య ఎడం సుమారు 8.1 నానోసెకన్లు. పంపిన సిగ్నల్‌కూ తిరిగి వచ్చిన సిగ్నల్‌కూ మధ్య అందులో సగం తేడా మిగిలి ఉన్నా, ఇన్‌పుట్ స్థాయికి ఎదురుగా గెయిన్‌ను (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో దాన్ని) గీసినప్పుడు సన్నని గీతకు బదులు మందపాటి మబ్బు కనిపిస్తుంది. దాన్ని ఆంప్లిఫయర్ మెమరీగా పొరబడి పాలినామియల్‌లో పదాలు పెంచుకుంటూ పోతాము. రెండు సిగ్నల్‌లను జరిపి పోల్చే మామూలు క్రాస్ కోరిలేషన్ పూర్ణ నమూనాల జాప్యాన్నే పట్టిస్తుంది కనుక, మిగిలిన భిన్నాన్ని ఇంటర్‌పొలేషన్‌తో (నమూనాల మధ్య విలువలను లెక్కగట్టి) సరిచేయి. ఆ తరువాత కూడా మిగిలిన మందంలో నాయిస్ పోగా ఉన్నదే నిజమైన మెమరీ.

ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను తిరిగి కొలిచే ఫీడ్‌బ్యాక్ రిసీవర్‌ను కూడా గుడ్డిగా నమ్మవద్దు. అది వంకరగా వింటే ప్రీడిస్టార్టర్ ఆ వంకరను కూడా ఆంప్లిఫయర్‌దిగా భావించి దిద్దుతుంది, అవుట్‌పుట్ ఇంకా చెడుతుంది. దాని ముందు మరో 3 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) పెట్టి చూడు: గెయిన్ గీత కిందికి జరగాలి గాని ఆకారం మారకూడదు. అయిదో ఘాతపు వక్రత 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను 100 మెగాహెర్ట్జ్ వరకు పరుస్తుంది కాబట్టి రిసీవర్‌కు అంత వెడల్పూ కనబడాలి. ఆంప్లిఫయర్ 10 వాట్లు ఇస్తుంటే, అటెన్యుయేటర్ మీద రాసిన వాట్లను చదవకుండా కలపవద్దు.

ఇక గెయిన్ లక్ష్యం, ఇదే నాకు ఎక్కువ అనుమానంగా ఉంది. చిన్న సిగ్నల్ దగ్గరి గెయిన్‌నే లక్ష్యంగా పెడితే, శిఖరాల దగ్గర ఆంప్లిఫయర్ వద్ద లేని శక్తిని అడిగినట్లవుతుంది. ప్రతి విడతలోనూ ప్రీడిస్టార్టర్ మరింత గట్టిగా తోస్తుంది, సాచురేషన్ (అవుట్‌పుట్ ఇక పెరగని స్థితి) దాటాక ఎంత తోసినా ఫలితం ఉండదు. ముందు క్రెస్ట్ ఫ్యాక్టర్ (సగటుకు శిఖరం ఎన్ని రెట్లో అది) తగ్గించి, శిఖరం వద్ద నిజంగా అందే గెయిన్‌నే లక్ష్యంగా పెట్టు.

మన వైపు మే నెల వేడిలో ఏసీ లేని ల్యాబ్‌లో గెయిన్ మెల్లగా జారుతుంది. ఆంప్లిఫయర్‌ను పనిచేసే శక్తి వద్దే నడిపి, గెయిన్ నిలకడ పడ్డాకే నమూనాలు తీసుకో. మధ్యలో ఫ్యాన్ వేగం మార్చవద్దు.

జాప్యం సరిచేయక ముందు, సరిచేశాక గీసిన గెయిన్ పటాలు రెండూ పంపు. ఘాతం సంగతి అవి చూశాక నిర్ణయిద్దాము.

ఇట్లు,
మామయ్య