జీతం లేని గైడ్ కెప్టెన్ పని: డీఎస్సీ రాయబోయే అమ్మాయి ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట. చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. మా పెద్దమ్మాయికి 22 ఏళ్లు, బీఈడీ రెండో సంవత్సరం చదువుతోంది. హైస్కూల్లో గైడ్స్‌లో, అంటే అబ్బాయిల స్కౌట్స్‌లాగా అమ్మాయిలకి ఉండే దళంలో చేరి, రాష్ట్ర స్థాయి అవార్డు రాజ్య పురస్కార్ దాకా వెళ్లింది. తను చదివిన జడ్పీ హైస్కూల్లో గైడ్స్‌ని చూసుకునే టీచర్ బదిలీ అయ్యారట. ‘నువ్వు కెప్టెన్‌గా రా తల్లీ’ అని హెడ్‌మాస్టర్ గారు అడిగితే ఈమె సరే అనేసింది. జీతం లేదు, బస్సు చార్జీ కూడా మనదే. ముందు డీఎస్సీ ఉందని నాకు టెన్షన్‌గా ఉంది. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? వద్దని చెప్పమంటారా?

జవాబు: అన్నగారూ, వద్దని చెప్పకండి. అలాగని ఇప్పుడు ఒప్పుకున్నట్టుగానే ఒప్పుకోనివ్వకండి. తన మీద నమ్మకంతో అడిగారన్న సంతోషంలో అమ్మాయి సరే అంది. ఆ సరేకి ముందు కొన్ని సంగతులు మాట్లాడుకోవాలి.

మీకు కావలసింది మొదట ఉద్యోగం సంగతి కాబట్టి అది చెప్పేస్తాను. డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకి, 20 టెట్ వెయిటేజీకి. ఈ వందలో గైడ్ కెప్టెన్ అనుభవానికి ఒక్క మార్కు కూడా రాదు. ఎవరైనా వస్తుందని చెబితే నమ్మకండి.

రైల్వేలో మాత్రం స్కౌట్స్, గైడ్స్ కోటా నిజంగానే ఉంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే కూడా ఈ కోటా కింద నోటిఫికేషన్ ఇస్తుంది. దానికి రాష్ట్రపతి అవార్డు అయినా ఉండాలి, పెద్దల శిక్షణలో పై మెట్టు అయిన హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అయినా ఉండాలి. వీటితోపాటు అయిదేళ్లుగా సంస్థలో చురుకుగా ఉన్నట్టు, జాతీయ స్థాయిలో రెండు, రాష్ట్ర స్థాయిలో రెండు కార్యక్రమాలకి వెళ్లినట్టు కాగితాలు చూపించాలి. ఇంతా చేస్తే గ్రూప్ సి పోస్టులు ఒక జోన్ మొత్తానికి రెండే. మీ అమ్మాయికి ఉన్నది రాజ్య పురస్కార్, అది ఇక్కడ సరిపోదు. గైడ్స్ తర్వాతి మెట్టు అయిన రేంజర్‌గా 25 ఏళ్ల దాకా కొనసాగవచ్చు గనక రాష్ట్రపతి అవార్డుకి ఇప్పుడైనా ప్రయత్నించవచ్చు గానీ, 22 ఏళ్లకి మొదలుపెడితే సమయం చాలా బిగువుగా ఉంటుంది. రెండు పోస్టుల కోసం జీవితాన్ని ఆ దారిలో పెట్టమని నేను ఏ పిల్లకీ చెప్పను. ఇంకొక మాట. కోటా ఉన్నచోట సర్టిఫికెట్లు ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లు తగులుతారు. అలాంటి కాగితం పరిశీలనలో పట్టుబడితే ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది. అలాంటివాళ్లని ఇంటి గుమ్మం కూడా ఎక్కనివ్వకండి.

మరి ఎందుకు ఒప్పుకోమంటున్నానంటే, మీ అమ్మాయి టీచర్ కావాలనుకుంటోంది. ఆ పని తనకి నిజంగా నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

బీఈడీలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, అదీ ముఖ్యమే. కానీ అక్కడ పాఠ్య ప్రణాళిక ముందే రాసి ఉంటుంది, వెనక బెంచీలో సూపర్‌వైజర్ కూర్చుని ఉంటారు, పిల్లలు లేచి వెళ్లిపోలేరు. గైడ్స్ మీటింగుకి పిల్లలు ఇష్టపడి వస్తారు. నచ్చకపోతే తర్వాతి వారం రారు. పరీక్ష లేదు, మార్కులు లేవు, భయపెట్టడానికి చేతిలో ఏమీ లేదు. మొదటి నెలలో 28 మంది వచ్చి మూడో నెలకి 11 మంది మిగిలితే ఆ హాజరు పట్టీ చాలు, ఏ సూపర్‌వైజరూ రాయని నివేదిక అది. అలాగే మూడో నెలకి పిల్లలే ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వస్తే, ఆ అమ్మాయికి తన మీద కలిగే ధైర్యం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు.

నేను డిగ్రీలో ఉండగా ఒక హైస్కూలు గైడ్ కంపెనీకి, అంటే ఆ స్కూలు గైడ్స్ యూనిట్‌కి, అసిస్టెంట్‌గా రెండేళ్లు పనిచేశాను. మొదటి క్యాంపు ఒక మామిడి తోటలో. గైడ్స్‌లో ఆరు నుంచి ఎనిమిది మందిని ఒక జట్టుగా చేస్తారు, పెట్రోల్ అంటారు దాన్ని. జట్టుకి ఒక పువ్వు పేరు, పిల్లల్లోంచే ఒక లీడర్. ఆ రోజు మల్లె జట్టు అన్నం వండుతోంది. మంట ఎక్కువైంది, అడుగంటుతున్న వాసన వస్తోంది. నేను పరుగెత్తి ఆ తొమ్మిదో తరగతి పిల్ల చేతిలోంచి గరిటె లాక్కున్నాను. మా కెప్టెన్ టీచరమ్మ వచ్చారు. నన్ను ఏమీ అనలేదు. నా చేతిలోని గరిటె తీసుకుని మళ్లీ ఆ పిల్లకే ఇచ్చి, నన్ను భుజం పట్టుకుని అవతలికి తీసుకుపోయారు. అన్నం మాడింది. పిల్లలు పైపైన తీసుకుని ఆవకాయ కలుపుకుని తిన్నారు. ఆ సాయంత్రం జట్టు లీడర్లందరూ కూర్చునే సమావేశంలో, అంటే కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, రేపటి నుంచి పొయ్యి దగ్గర ఒకరు కట్టెలు మాత్రమే చూసుకోవాలని, బకెట్ నీళ్లు పక్కన ఉండాలని వాళ్లే తీర్మానం చేశారు. మర్నాడు అన్నం మాడలేదు. నా వయసు అప్పుడు 20. పిల్లల చేత చేయించడం, మనం చేసి పెట్టడం ఒకటి కాదని నాకు అర్థమైంది ఆ తోటలోనే. తర్వాత ఎన్నో తరగతి గదుల్లో చూశాను, పాఠం బాగా చెప్పే టీచర్లు కూడా ఆ గరిటె వదలలేకపోతుంటారు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1907లో స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో పెట్టిన మొదటి క్యాంపులోనే పిల్లల్ని చిన్న జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకీ వాళ్లలో ఒకరినే లీడర్‌ని చేశారు. మన దేశంలో వేర్వేరుగా ఉన్న స్కౌట్ సంఘాలు 1950 నవంబరు 7న కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి, మరుసటి ఏడాది గైడ్స్ సంఘం వచ్చి చేరింది. ఇన్నేళ్లలో చాలా మారాయి గానీ జట్టు పద్ధతి మారలేదు. కెప్టెన్ అసలు పని ఆ జట్టు లీడర్లని తయారుచేయడమే. జెండా ఎగరేయడం, ‘దయా కర్’ ప్రార్థన పాడించడం, రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ ముడులు నేర్పడం అన్నీ దాని చుట్టూ ఉండేవి.

ఇప్పుడు షరతుల సంగతి. మొదటిది శిక్షణ. తను గైడ్‌గా పనిచేసింది కాబట్టి అన్నీ వచ్చనుకుంటుంది. గైడ్‌గా ఉండటం వేరు, 30 మంది గైడ్స్‌కి బాధ్యురాలిగా ఉండటం వేరు. పెద్దవాళ్లకి ముందు ఒక రోజు బిగినర్స్ కోర్సు, తర్వాత ఏడు రోజులు అక్కడే ఉండి చేసే బేసిక్ కోర్సు ఉంటాయి. ఆ పైన అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత హిమాలయ వుడ్ బ్యాడ్జ్. మధ్యమధ్య యూనిట్‌లో పనిచేసిన అనుభవం కావాలి కాబట్టి ఇది ఏళ్ల తరబడి సాగే దారి. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. ఇప్పుడే అంత దూరం ఆలోచించక్కర్లేదు, బేసిక్ కోర్సు చాలు. కానీ అది పూర్తికాకుండా పిల్లల్ని రాత్రి బస ఉండే క్యాంపుకి తీసుకెళ్లకూడదని ఇంట్లోనే గట్టిగా అనుకోండి. హెడ్‌మాస్టర్ గారు తొందరపెట్టినా సరే.

రెండోది కాగితాలు. తను స్కూలు ఉద్యోగి కాదు, బయటి మనిషి. నోటిమాట మీద వెళ్లకూడదు. ఫలానా రోజు, ఫలానా వేళ, ఫలానా బాధ్యతతో వస్తుందని హెడ్‌మాస్టర్ గారు రాతపూర్వకంగా ఇవ్వాలి. యూనిట్ జిల్లా అసోసియేషన్‌లో రిజిస్టర్ అయి ఉందా, ఈ ఏడాది రెన్యువల్ అయిందా అన్నది చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని యూనిట్‌లో పిల్లలు ఎంత కష్టపడ్డా తృతీయ సోపాన్, దాని పై మెట్టు రాజ్య పురస్కార్ పరీక్షలకి వెళ్లలేరు, అది వాళ్లకి అన్యాయం చేసినట్టు.

మూడోది పిల్లల భద్రత. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి మనసుతో వచ్చిన యువతీ యువకులు తెలియక పొరపాటు చేసేది ఇక్కడే. ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎక్కడికి తీసుకెళ్లినా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు స్కూలు టీచరైతే మంచిది. ప్రతి పిల్ల తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, దాని మీద ఫోన్ నంబరు, పిల్లకి ఏమైనా జబ్బులు, అలర్జీలు ఉంటే ఆ వివరం ఉండాలి. వాట్సాప్‌లో పిల్లలతో విడివిడిగా మాట్లాడటం వద్దు, తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే సమాచారం పెట్టాలి. చెరువులు, కాలువల దగ్గరికి ఆటవిడుపుగా తీసుకెళ్లనే వద్దు. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఆ కడుపుకోత ఉందో మీకూ తెలుసు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. పిల్లలు టీచర్లకి చెప్పుకోని మాటలు గైడ్ అక్కకి చెబుతారు. ఏదో ఒకరోజు ఒక పిల్ల తనని ఎవరో తాకుతున్నారని, ఇబ్బంది పెడుతున్నారని చెప్పవచ్చు. అప్పుడు ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇవ్వకూడదు. పిల్లలని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటి విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, స్కూల్లోనే సర్దుబాటు చేయడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరుకి ఫోన్ చేసి సాయం అడగవచ్చు. 22 ఏళ్ల అమ్మాయికి ఇది బరువైన బాధ్యత, నిజమే. కానీ రేపు టీచరయ్యాక కూడా ఈ బాధ్యత తనదే. ఇప్పుడే తెలుసుకుని ఉండటం మేలు.

ఇక మీ అసలు భయం, సమయం. సొంత అనుభవంతో చెబుతున్నాను: వారానికి ఒక మీటింగ్, గంటన్నర. దానికి సిద్ధం కావడానికి ఇంకో రెండు గంటలు. ప్రయాణంతో కలిపి వారంలో ఒక పూట పోతుంది. ఏడాదిలో ఒక క్యాంపు రెండు మూడు రోజులు, బేసిక్ కోర్సు ఏడు రోజులు. ఇంతవరకే అయితే డీఎస్సీ చదువు ఆగదు. ప్రమాదం ఎక్కడంటే, బాగా పనిచేసే పిల్లని అందరూ పిలుస్తారు. జెండా పండుగ పరేడ్, మండల స్థాయి ర్యాలీ, జాతరలో సేవ, ఎన్నికల రోజున క్యూ దగ్గర వలంటీర్లు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి, అప్పుడు స్కౌట్స్, గైడ్స్‌ని సేవకి అడగకుండా ఉండరు. అవన్నీ మంచి పనులే. కానీ ఈ రెండేళ్లలో తను ఏడాదికి రెండిటికి మాత్రమే ఒప్పుకోవాలి. ఏవి రెండో తనే ఎంచుకోవాలి. వద్దని మర్యాదగా చెప్పడం కూడా తను నేర్చుకోవలసిన పనే, అందులో మీరు తోడుండండి.

డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి పరీక్ష అయ్యేదాకా సెలవు. ఈ మాట ఇప్పుడే, ఒప్పుకునే ముందే చెప్పాలి. మధ్యలో చెబితే పిల్లల్ని వదిలేసి పోయినట్టవుతుంది. అందుకే మొదటి రోజు నుంచే స్కూల్లోని ఒక టీచరమ్మని అసిస్టెంట్‌గా ఇమ్మని అడగాలి. ఆ టీచరమ్మ కూడా బేసిక్ కోర్సు చేస్తే మీ అమ్మాయి లేని మూడు నాలుగు నెలలు కంపెనీ నడుస్తుంది. హెడ్‌మాస్టర్ గారు అసిస్టెంట్‌ని ఇవ్వలేనంటే, అన్నగారూ, అప్పుడు మాత్రం వద్దనండి. ఒక్క మనిషి మీద నడిచే యూనిట్‌లో చదువుకునే పిల్ల ఇరుక్కుపోతుంది.

డీఎస్సీ ఒక్కటే దారి కాదు కాబట్టి ఇదీ చెబుతాను. కేంద్రీయ విద్యాలయాల్లో స్కౌట్స్, గైడ్స్ చాలా గట్టిగా నడుస్తాయి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌కి ఒక రాష్ట్రంతో సమానమైన హోదా ఉంది. అక్కడ రాతపరీక్షలో దీనికి మార్కులు రాకపోయినా, టీచర్‌గా చేరాక బేసిక్ కోర్సు చేసినవాళ్ల విలువ తెలుస్తుంది. మంచి ప్రైవేటు స్కూళ్ల ఇంటర్వ్యూల్లో, టీచ్ ఫర్ ఇండియా లాంటి రెండేళ్ల ఫెలోషిప్‌లలో పిల్లలతో చేసిన పని గురించి అడుగుతారు. అప్పుడు ‘నాకు నాయకత్వ లక్షణాలున్నాయి’ అనే వాక్యం ఎవరినీ కదిలించదు. 26 మంది అమ్మాయిలు, రెండేళ్లు, రెండు క్యాంపులు, తొమ్మిది మంది తృతీయ సోపాన్ పాసయ్యారు, మధ్యలో మానేసిన అయిదుగురిలో ముగ్గురిని ఇలా వెనక్కి తెచ్చాను అని చెప్పగలిగితే ఎదుటివాళ్లు పెన్ను పక్కన పెట్టి వింటారు. అందుకని మొదటి మీటింగ్ నుంచి ఒక నోట్‌బుక్ పెట్టమనండి. ఎవరు వచ్చారు, ఏం చేశాం, ఏది కుదరలేదు, నాలుగు లైన్లు చాలు. చాలామంది ఈ పని రెండేళ్లు చేసి కూడా ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏమీ గుర్తులేక తడబడటం నేను చూశాను.

ఈ వారంలో మీరూ అమ్మాయీ కలిసి హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి వెళ్లండి. అసిస్టెంట్ ఎవరు, యూనిట్ రిజిస్ట్రేషన్ ఉందా, బేసిక్ కోర్సుకి ఎప్పుడు పంపిస్తారు, డీఎస్సీ అప్పుడు సెలవు ఇస్తారా అన్నవి అడగండి. అడగడం అమ్మాయినే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు. బస్సు చార్జీ గురించి మొహమాటపడక్కర్లేదు, స్కూలు ఇవ్వగలిగితే ఇస్తుంది. సమాధానాలు ఎలా వచ్చాయో నాకు మళ్లీ రాయండి. కోర్సు తేదీలు, పరీక్ష తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది ముందు పెట్టుకోవాలో అప్పుడు చూద్దాం.