ఎండ ఎటు నుంచి వస్తోంది?

(ఇల్లు, మొక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేడం గారూ, కాజీపేటలో ఒకే అపార్ట్‌మెంటులో, ఒకే అంతస్తులో రెండు ఫ్లాట్లు చూశాం. ధర ఒకటే. మొదటిదానికి తూర్పు ద్వారం, హాలు బాల్కనీ పడమరకు. రెండోదానికి ఉత్తర ద్వారం, బాల్కనీ దక్షిణానికి. మా అత్తగారు తూర్పు ద్వారమే కావాలంటున్నారు. నాకేమో బాల్కనీలో మొక్కలు పెంచుకోవాలని ఆశ. ఏది తీసుకోమంటారు?
– ఒక గృహిణి, కాజీపేట

జవాబు: అమ్మా, ఆ తూర్పు ద్వారం తెరిస్తే ఎదురుగా ఏముంది? మీరు రాసినదాంట్లో అది లేదు. అపార్ట్‌మెంట్లలో ద్వారం ఏ దిక్కున ఉన్నా చాలావరకు కారిడార్‌లోకే తెరుచుకుంటుంది. అక్కడ పొద్దుటి ఎండ పడదు. ఇంట్లోకి ఎండ వచ్చేది బాల్కనీ నుంచి, కిటికీల నుంచి. అందుకే నా లెక్కలో మొదటిది పడమటి ఇల్లు, రెండోది దక్షిణపు ఇల్లు. నన్నడిగితే రెండోదే తీసుకోమంటాను.

కారణం చెబుతాను. మన వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరి వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణపు ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు (నేల అంచు సున్నా, నడినెత్తి 90 అనుకోండి). మార్చి 21 నాటికి 72 డిగ్రీలకు చేరతాడు. మే 12 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు 1 ప్రాంతం దాకా మన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే రోహిణి కార్తెలో, ఊరంతా అల్లాడిపోయే రోజుల్లో, దక్షిణపు గోడకు నేరుగా ఎండే తగలదు. కిటికీ మీద 2 అడుగుల సజ్జ ఉంటే మార్చి చివర మధ్యాహ్నం దాని నీడ 6 అడుగుల కిందికి దిగి కిటికీని మొత్తం కప్పేస్తుంది. అదే సజ్జ నీడ డిసెంబరులో రెండుంపావు అడుగుల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన కిటికీలోంచి చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. ఇంత తేలిగ్గా మన మాట వినే ఎండ మరో దిక్కున లేదు. దక్షిణమనగానే ఇల్లు వద్దనుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పడమట సజ్జ అక్కరకు రాదు. సాయంత్రం నాలుగు దాటేసరికి సూర్యుడు దిగి, సజ్జ కింద నుంచి నేరుగా హాల్లోకి వస్తాడు. ఉదయం తూర్పున పడే ఎండ కూడా తక్కువదేమీ కాదు. కానీ అది రాత్రంతా చల్లారిన గోడ మీద పడుతుంది. పడమటి ఎండ పడేసరికి గాలి, డాబా, వీధి అన్నీ కాగి ఉంటాయి. హనుమకొండ వడ్డేపల్లిలో మా ఇంటి పడమటి గోడకు మే నెలలో రాత్రి తొమ్మిదింటికి చెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా ఉంటుంది. పగలు ఇటుకలోకి దిగిన వేడి పడుకునే వేళకు గదిలోకి వస్తుంది.

మొక్కల విషయానికొస్తే, దక్షిణపు బాల్కనీలో అక్టోబరు నుంచి మార్చి దాకా గులాబీ, బంతి, టమాటా హాయిగా వస్తాయి. చామంతి పొద్దు కురచైనప్పుడే మొగ్గ తొడుగుతుంది కాబట్టి దానికి ఆ చోటు మరీ మంచిది. ఎండాకాలంలో అక్కడ వెలుగు ఉంటుంది, మంట ఉండదు. కుండీలను బాల్కనీ అంచుకు జరపండి, చాలు.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. తూర్పు అన్నప్పుడు ఆవిడ కోరుతున్నది పొద్దుటి వెలుగు. రెండో ఫ్లాటులో తూర్పు కిటికీ ఉన్న గది ఉంటే అది ఆవిడకే ఇవ్వండి. ముందుగా ఒక సాయంత్రం నాలుగింటికి ఆవిడను వెంటబెట్టుకెళ్లి రెండు హాళ్లలోనూ కాసేపు కూర్చోబెట్టండి.

ఏ కారణం చేతనైనా పడమటిదే తీసుకోవలసి వస్తే, నీడను అద్దానికి బయట కట్టండి. లోపల వేలాడే పరదా ఎండను అడ్డుకున్నా, అప్పటికే వేడి అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయట వెదురు తడిక కట్టినా, రాధామనోహరం తీగ పాకించినా మేలే. ఇంకో సంగతి, అది చివరి అంతస్తు అయితే మే నెలలో దిక్కుల కంటే పైకప్పే ఎక్కువ వేడెక్కుతుంది. డాబాకు సున్నమో తెల్లటి కూల్ పెయింటో వేయించడం తప్పనిసరి. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే.

ప్రశ్న: మాది ఉత్తర ముఖం ఇల్లు, రెండంతస్తులు. ముందు గోడకు 4 అడుగుల దూరంలో మల్లె నాటాను. ఆకులు పచ్చగా, తీగ ఏపుగా ఉంది. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు మాత్రం లేదు. జూన్‌లో నాలుగు మొగ్గలు కనిపిస్తాయి. ఎరువు చాలడం లేదా?
– ఒక పాఠకురాలు, కరీమాబాద్, వరంగల్

జవాబు: ఎరువు మానేయండి. ఆకు అంత ఏపుగా ఉందంటే తిండికి లోటు లేదు. లోటు ఎండకే.

పిట్టగోడతో కలిపి మీ ఇల్లు 22 అడుగుల ఎత్తు అనుకుందాం. డిసెంబరు చివర మధ్యాహ్నం దాని నీడ ఉత్తరంగా 19 అడుగుల దాకా పడుతుంది. మార్చి 21 నాటికి 7 అడుగులకు తగ్గుతుంది. గోడకు 4 అడుగుల్లో ఉన్న మీ మల్లె మధ్యాహ్నపు ఎండ చూసేది ఏప్రిల్ రెండో వారంలో. మల్లె మొగ్గ కట్టాల్సిన ఫిబ్రవరి, మార్చి నెలలన్నీ ఇంటి నీడలోనే గడిచిపోతున్నాయి. ఆ తర్వాత సూర్యుడు ఉత్తరానికి జరిగేకొద్దీ దానికి ఎండ అందుతోంది, అందుకే జూన్‌లో ఆ నాలుగు మొగ్గలు.

వానలు పడగానే మొక్కను వేరుతో సహా పెద్ద మట్టి పెళ్లగా తీసి తూర్పు వైపో, డాబా మీద పెద్ద కుండీలోకో మార్చండి. జనవరిలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేయండి. చిగురుతో పాటు మొగ్గ వస్తుంది. ఖాళీ అయిన చోట కనకాంబరం పెట్టండి, దానికి సగం నీడ ఇష్టమే. తమలపాకు తీగకైతే అది పుట్టిల్లే.

ప్రశ్న: తులసి కోట తూర్పున ఉంది. పక్కన మూడంతస్తుల ఇల్లు లేచాక తులసి బక్కచిక్కిపోతోంది. కోటను కదిలించవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: కోటను కదిలించనక్కర లేదు. తులసికి రోజుకు కనీసం నాలుగైదు గంటల నేరు ఎండ కావాలి. రెండు కుండీల్లో రెండు మొక్కలు పెంచండి. ఒకటి కోటలో పూజకు, ఒకటి డాబా మీద ఎండకు. వారానికొకసారి మార్చండి. కంకులు ముదరకముందే తుంచేస్తే మొక్క గుబురుగా పెరుగుతుంది.

ప్రశ్న: మేడం, డాబా మీద చపాటా మిరప కుండీల్లో వేశాను. దక్షిణపు పిట్టగోడ వెంబడి వరుసగా పెట్టాను. దసరా దాకా బాగున్న మొక్కలు సంక్రాంతికి కాపు లేక సన్నబడ్డాయి. పోయిన ఏడు మిగిలిన నాలుగు మొక్కలకు ఏప్రిల్‌లో పూత రాలి, కాయల మీద తెల్ల మచ్చలు వచ్చాయి. తెగులా?
– ఒక డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కిన మన వరంగల్ మిరపను డాబా మీద పెంచుతున్నందుకు సంతోషం. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి తెగులు కంటే ముందు ఎండనే అనుమానిస్తాను. నీవి రెండు వేర్వేరు ఇబ్బందులు.

చలికాలంలో 3 అడుగుల దక్షిణపు పిట్టగోడ మధ్యాహ్నం వేళ డాబా మీద రెండున్నర అడుగులకు పైగా నీడ పరుస్తుంది. గోడను ఆనుకుని ఉన్న కుండీలు రోజంతా దాదాపు ఆ నీడలోనే ఉంటాయి. దసరా వెళ్లగానే వాటిని ఉత్తరపు పిట్టగోడ దగ్గరికి మార్చు. అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడ్డు ఉండదు.

ఏప్రిల్‌ది దీనికి తలకిందులు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి రోజుల తరబడి నిలిస్తే మిరప పూత రాలుస్తుంది. కాయ మీద ఎండ పడిన వైపే తెల్లగా, పలుచగా కమిలి ఉంటే అది ఎండదెబ్బ. మందు కొట్టొద్దు, డబ్బు దండగ. కుండీలను పడమటి పిట్టగోడ పక్కకు చేర్చు, మధ్యాహ్నం తిరిగాక గోడ నీడ వాటి మీదికి వస్తుంది. పైన 50 శాతం ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టు. ఆకులు తుంచకు, కాయకు అవే గొడుగు. నీళ్లు పొద్దున్నే పొయ్యి. డాబా ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి, ఆ వేళ కుండీలో పోస్తే వేరు దెబ్బతింటుంది.