బొమ్మలాట నుంచి ఒంటరి కథకి వచ్చేవాళ్ళు ముందు కాలు చూసుకోవాలి

మీరు అడిగింది ఇదీ: "మాది నెల్లూరు జిల్లా. ఇంట్లో తరాలుగా తోలుబొమ్మలాట ఆడించారు. ఇప్పుడు మేళం కట్టే మనుషులు లేరు. ఒక్కణ్ణే స్టేజీ ఎక్కి రామాయణం కథ చెప్పాలనుంది. గొంతులు మార్చడం ఎట్టా సాధన చెయ్యాలి?"

గొంతులు మీకు వచ్చే ఉంటాయి, తెర వెనక పెరిగినవాళ్ళకి అది సమస్యే కాదు. పోయేది కాలు.

తెర వెనక ఆడించేవాళ్ళ కాళ్ళ కింద చెక్క పలక ఉంటుంది. బొమ్మ అడుగేసినా, బాణం తగిలినా, మాట తెగినా దాని మీద మడమ పడాల్సిందే. పద్యం ఎక్కడ సాగాలో, మాట ఎక్కడ విరగాలో చెప్పేది ఆ దెబ్బే. ఒంటరిగా స్టేజీ ఎక్కేవాళ్ళు ఆ పలకని ఇంట్లో వదిలేసి పోతారు. ఇక కథ బడిలో పాఠం చెప్పినట్టు తయారవుతుంది. హరికథ దాసుగారు ఒక్కడే నిలబడి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టింది కంఠంతో మాత్రమే కాదు, చేతిలో చిరతలు, కాలికి గజ్జెలు ఉన్నాయి గనక.

పలక రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం చాలు. కింద రెండు కొసలా అంగుళం ఎత్తు బద్దలు కొట్టించండి. లోపల బోలుగా ఉంటేనే మోత వస్తుంది. సిమెంటు నేల మీద బద్దల్లేకుండా పెడితే టప్పుమని చచ్చిపోతుంది. కార్పెట్ పరిచి ఉంటే పలక మేరకు మడిపించండి. మేకుల తలలు చెక్కలోకి దిగాయో లేదో వేలితో తడిమి చూడండి, తొక్కేది వట్టికాలితో.

రెండోది చూపు. బొమ్మ ఆడించేవాడి కళ్ళు ఎప్పుడూ బొమ్మ మీదే. స్టేజీ మీదా ఆ అలవాటు పోదు, సొంత చేతినే చూసుకుంటుంటారు. మీరు చూసిన చోటే జనమూ చూస్తారు, కథ మీ మణికట్టు దగ్గర ఆగిపోతుంది. బొమ్మలు చాలా వరకు పక్కకి తిరిగి ఉంటాయి గనక మనిషి కూడా తెలీకుండా పక్కకే తిరుగుతాడు. అప్పుడు ముందు వరసకి కనపడేది ఒక చెవి, ఒక దవడ.

అంగద రాయబారం తీసుకోండి. రావణుడు పీట వెయ్యడు. అంగదుడు తోకని చుట్టలు చుట్టలుగా పేర్చి, సింహాసనం ఎత్తుకి ఆసనం చేసుకుని కూర్చుంటాడు. తెర మీద అయితే బొమ్మని జానెడు జానెడు పైకి లేపితే జనం ఈలలేస్తారు. మీ దగ్గర బొమ్మ లేదు. భుజం మీది కండువా తీసి గాల్లో ఒక చుట్ట తిప్పండి, మడమ ఒక దెబ్బ. మళ్ళీ చుట్ట, మళ్ళీ దెబ్బ. చూపు మొదట హాలు చివరి వరస పైన, రావణుడి ముఖం ఉన్నచోట నిలపాలి. చుట్ట చుట్టకీ కొంచెం కొంచెం దించండి. ఏడో చుట్టకి చూపు మీ కంటి ఎత్తుకి రావాలి, ఇద్దరూ సమానమైనట్టు. అక్కడ కాలు ఆపెయ్యండి. రెండు దెబ్బల సేపు ఏమీ అనొద్దు. ఆ తర్వాత "ఏం రావణా" అని మామూలు గొంతుతో, మెల్లగా.

నూటికి తొంభై మంది అక్కడే అరుస్తారు. తెర వెనక నుంచి ఊరంతటికీ వినపడాలని ఎత్తిన గొంతు అది. మైకు ముందు అదే గొంతు పగిలిపోతుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉంచి, పద్యం పైస్థాయికి పోయినప్పుడు మూరెడు వెనక్కి జరగండి. పలకకి వేరే మైకు అడగండి, మడతపెట్టిన గుడ్డ మీద పెట్టించండి. రావణుడికీ అంగదుడికీ ఒళ్ళంతా తిప్పక్కర్లేదు. రావణుడికి బరువు మడమల మీద, అంగదుడికి మునివేళ్ళ మీద. గడ్డం ఒక్కటి కదిలితే సరిపోతుంది.

బొమ్మలాటలో నవ్వించే జంట జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యం మొత్తం ఒక్కరే మొయ్యలేరు. పోలిగాడిని ఉంచుకోండి, కథ మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసేవాడిగా. పచ్చి మాటలు తగ్గించండి గానీ పూర్తిగా కడిగెయ్యకండి.

నలభై ఐదు నిమిషాలకి ఒక్క ఘట్టం, నాలుగు పద్యాలు. నిర్వాహకులు "ఇరవై నిమిషాల్లో రామాయణం కానివ్వండి" అంటారు. ఒప్పుకోవద్దు. వెనకాల ఎల్ఈడీ తెర మీద అశోకవనం బొమ్మలు వేస్తామంటారు, అదీ వద్దనండి. 2020లో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది, ఎంతో సంతోషం. బొమ్మల తోలుతో చేసిన దీపాల్ని కొనుక్కుని హాల్లో వేలాడదీసుకునేవాళ్ళు ఉన్నారు. ఆ తోలుకి రాత్రంతా మాటిచ్చిన గొంతుని పిలిచి కూర్చోబెట్టేవాళ్ళే కరువయ్యారు. బాధంతా అదే. మీరు ఒంటరిగానైనా లేవాలనుకోవడం అందుకే సరైన పని.

మొదటి కథ పురమందిరంలో వద్దు. శ్రీరామనవమికి మీ ఊరి రామాలయం అరుగు మీద, మైకు లేకుండా చెప్పండి. ఆట చూసి పెరిగిన ముసలివాళ్ళని ముందు కూర్చోబెట్టి ఊ కొట్టమనండి. ఊ ఎక్కడ ఆగిపోయిందో ఎవరి చేతనైనా పుస్తకంలో గీత పెట్టించండి. తర్వాత ఆ గీత దగ్గర మీ కాలు ఏం చేస్తోందో చూసుకోండి.