రోజూ నడుస్తున్నా నాన్నగారు పడిపోతున్నారంటే

మీ 72 ఏళ్ల నాన్నగారు విజయవాడ రాఘవయ్య పార్కులో రోజూ నడుస్తారని, అయినా కుర్చీలోంచి లేచి పక్కకు తిరుగుతూ రెండుసార్లు పడ్డారని మీరు అడిగారు. తొడల్లో బలం, బ్యాలెన్స్ తగ్గి ఉండొచ్చు. ఒక్క నడకతో అవి రావు.

1. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి (ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది). చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో లెక్కపెట్టండి, మీరు పక్కనే ఉండండి. ఆ వయసు మగవాళ్లకు 12 కన్నా తక్కువైతే బలం చాలనట్టే.

2. ఫిజియోథెరపిస్టుకు చూపించి వ్యాయామాలు రాయించుకోండి.

3. అందరూ వదిలేసేది ఇదే: పట్టు తగ్గించడం. వంటగట్టు దగ్గర పాదం ముందు పాదం పెట్టి నిలబడేటప్పుడు మొదట రెండు చేతులూ ఆనించాలి. కుదిరాక ఒక చెయ్యి, తర్వాత ఒక్క వేలు, చివరికి ఏదీ లేకుండా. ఎప్పటికీ గట్టిగా పట్టుకునే చేస్తే శరీరం బ్యాలెన్స్ నేర్చుకోదు. ఫిజియో చెప్పిన క్రమంలోనే తగ్గించండి. వ్యాయామాలన్నీ కలిపి వారానికి మొత్తం 3 గంటలు, నెలల తరబడి చేయాలి. పది సిట్టింగులతో ఆపేస్తే లాభం లేదు.

4. లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూపించండి. బీపీ మాత్రల, నిద్రమాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి, మీరే ఆపేయకండి.