శ్రీసిటీకి అన్ని కంపెనీలు ఎందుకు పోతున్నాయి? చవక భూమి కోసమేనా?

"మా ఊళ్ళో రోడ్డు పక్కన సొంత భూమి ఉంది, ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ అక్కడే పెడితే ఏం? అందరూ శ్రీసిటీ అంటారెందుకు, రాయితీల కోసమా?" అని మీరు అడిగారు. నేను ఈ పనిలోనే ఉన్నాను. మొదట నాలుగేళ్ళు రాయలసీమలో లోపలెక్కడో ఒక చిన్న యూనిట్‌లో, 2013 నుంచి తడ దగ్గర. శ్రీసిటీ అనే పారిశ్రామిక వాడ కూడా అక్కడే, ఆంధ్రా-తమిళనాడు సరిహద్దులో. నా లెక్కలో రాయితీల సంగతి తర్వాత. ఏదైనా విరిగితే ఎంతసేపట్లో బాగుచేయించుకోగలం అన్నది ముందు చూడాలి.

ఆ పాత యూనిట్ కూడా ఓనరు గారి సొంత భూమిలోదే, అద్దె లేదు. ఒక శుక్రవారం మౌల్డ్‌లో (ప్లాస్టిక్ పోసే అచ్చు) కోర్ పిన్ విరిగింది, అంటే వస్తువులో రంధ్రం పడేలా చేసే ఇనుప పుల్ల. వేలంత ముక్క. ఆ ఊళ్ళో దాన్ని చేసేవాళ్ళే లేరు. నైట్ బస్సులో మనిషిని చెన్నై పంపాం, శనివారం వాళ్ళకి వేరే పని, ఆదివారం సెలవు. మంగళవారం పొద్దున పిన్ చేతికొచ్చింది. ఈలోపు మెషీన్‌కి కవరు కప్పి కూర్చున్నాం, జీతాలు నడుస్తూనే ఉన్నాయి. తన లైన్ ఆగిందని కస్టమర్ ఆ నష్టాన్ని మాకు రావాల్సిన డబ్బులో కోస్తూ డెబిట్ నోట్ పంపాడు. ఆ నెల లాభం దానికే సరిపోయింది.

తడకి వచ్చాక అదే పిన్, అదే తంతు. రాత్రి పదింటికి విరిగింది. ఆ పిన్ ఉండే అచ్చు ముక్కని కాటన్ వేస్ట్‌లో చుట్టి సంచిలో వేసుకుని, పొద్దున్నే తడ స్టేషన్‌లో చెన్నై లోకల్ ఎక్కాను. చెన్నైలోని అంబత్తూరులో వీధికో టూల్ రూమ్, అంటే అచ్చులు, వాటి ముక్కలు చేసే షెడ్డు. మొదటివాడు కుదరదంటే పక్క షెడ్డుకి పోయాను. వాడు గ్రైండింగ్ పూర్తి చేసేదాకా బయట టీలు తాగుతూ నిలబడ్డాను. నైట్ షిఫ్ట్‌కి మెషీన్ నడిచింది. పిన్‌కి కట్టిన డబ్బు రెండుసార్లూ ఇంచుమించు ఒకటే.

పెద్ద కంపెనీలదీ ఇదే లెక్క, కాకపోతే వాళ్ళది పెద్ద మోతాదు. శ్రీసిటీ నుంచి చెన్నై యాభై అయిదు కిలోమీటర్ల చిల్లర. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో హ్యుందాయ్ కార్ల ఫ్యాక్టరీ 1990లలోనే వచ్చింది, దాని చుట్టూ విడిభాగాలవాళ్ళు ఎప్పుడో స్థిరపడ్డారు. 2016లో ఇసుజు శ్రీసిటీలో పికప్ ట్రక్కుల ప్లాంటు తెరిచేనాటికి వాళ్ళంతా రెడీగా ఉన్నారు. 16వ నంబరు హైవే పక్కనే. దక్షిణాన చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టులు, ఉత్తరాన కృష్ణపట్నం. ఒకచోట రద్దీ అయితే ఇంకోచోట. చెన్నై మెట్రో బోగీలు చాలావరకు ఇక్కడి ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారైనవే. పన్ను ఆంధ్రాకి కడతాం, సామాను చెన్నైలో కొంటాం అని మాలో మేం నవ్వుకుంటాం.

ఒకప్పుడు ఆ సరిహద్దే పెద్ద తలనొప్పి. తడ దగ్గరి బి.వి.పాలెం చెక్‌పోస్టులో లారీలు బారులు తీరేవి, డ్రైవర్లు రోడ్డు పక్కనే స్టవ్ వెలిగించి అన్నం వండుకునేవాళ్ళు. కాగితం ఒక్కటి తక్కువైనా నాకు ఫోన్లు, టెన్షన్. 2017 జులైలో జీఎస్టీ వచ్చి పన్నుల తనిఖీ ఎత్తేశాక ఆ బాధ తప్పింది. రాయితీల కన్నా నాకైతే అదే ఎక్కువ కలిసొచ్చింది.

మనుషుల విషయానికొస్తే సూళ్ళూరుపేట, నాయుడుపేట, సత్యవేడు వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. ఫోన్లు, ఏసీలు చేసే పెద్ద ఫ్యాక్టరీల్లో ఆడపిల్లలు బాగా చేరారు. దీనివల్ల చిన్నవాళ్ళకి ఒక చిక్కుంది. మనం ఆరు నెలలు నేర్పిన ఆపరేటర్, పెద్ద కంపెనీలో కాస్త జీతం, క్యాంటీన్ భోజనం కనబడగానే వెళ్ళిపోతాడు. సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళలో ఎంతమంది తిరిగొస్తారో పండగ అయ్యాకే తెలుస్తుంది. నవంబరు, డిసెంబరు వానలకి అటు చెన్నై మునిగితే మన సామాను కూడా ఆగిపోతుంది, 2015లో బాగా పడ్డాం.

మీది రెండు మూడు మెషీన్ల యూనిట్ అంటున్నారు కాబట్టి, శ్రీసిటీ లోపలే ఉండాలని పట్టుపట్టకండి. తడలోనో, సూళ్ళూరుపేటలోనో, సరిహద్దు దాటి గుమ్మిడిపూండిలోనో అద్దె షెడ్డు దొరుకుతుందేమో ముందు చూడండి. సొంత భూమిలోనే పెట్టాలనుకుంటే మాత్రం ఒక పని చేయండి: మీ మౌల్డ్ డ్రాయింగ్ పట్టుకుని మీ ఊరి నుంచి బయల్దేరి, పిన్ చేసిచ్చేవాడి షెడ్డుకి వెళ్ళి రావడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆ తర్వాత అద్దెతో పోల్చుకోండి.