కుడితి తాగే డ్రమ్ము

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లో నలుగురం. సిలిండరు 40 రోజులు వస్తోంది. పెరట్లో డ్రమ్ము పెట్టుకుంటే వంటింటి చెత్తతోనే గ్యాస్ తయారవుతుందని, ఇక సిలిండరుతో పనే ఉండదని ఒకాయన వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ కంపుకి ఇంట్లో ఉండలేమని మా అత్తగారి టెన్షన్. పెట్టించుకోమంటారా? ప్లాస్టిక్ కవర్లు కూడా అందులో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పెట్టించుకోండమ్మా. సిలిండరు మాత్రం వదులుకోకండి. సిలిండరుతో పనే ఉండదన్న ముక్క పదకొండేళ్ళ కిందట నాకూ ఒకాయన చెప్పాడు. నమ్మి సిలిండరు బుక్ చేయడం మానేశాను. సంక్రాంతికి కూతురూ అల్లుడూ దిగారు. మా ఆవిడ అరిసెల పాకం పట్టింది. తీగపాకం దాటి ఉండపాకం రాబోతుండగా మంట ఆరిపోయింది. చలికాలంలో గ్యాస్ తగ్గుతుందని ఆ అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పక్కింటి నుంచి సిలిండరు దొర్లించుకొచ్చేసరికి పాకం రాయి అయింది. ఆ మాట ఇప్పటికీ ఏటా పండక్కి వింటూనే ఉన్నాను.

లెక్క చూద్దాం. మీ ఇంట్లో రోజుకి కిలోన్నర తడి చెత్త వస్తుందనుకోండి. అంతా సవ్యంగా ఉంటే దాన్నుంచి ఓ 150 లీటర్ల గ్యాస్ వస్తుంది. చిన్న పొయ్యి మీద అరగంట మంట. ఈ గ్యాస్ వెయ్యి లీటర్లు సుమారు 450 గ్రాముల సిలిండరు గ్యాస్‌తో సమానం. అంటే నెలకి మీకు మిగిలేది రెండు కిలోలు. 14.2 కిలోల సిలిండరు 40 రోజులకి బదులు 49 రోజులు రావచ్చు. పొద్దున పాలు, కాఫీ దీని మీద వెళ్ళిపోతాయి. అన్నం మిగిలిన రోజు ఇంకాస్త ఎక్కువ మండుతుంది. సొరకాయ తొక్కు కంటే అన్నం మెతుకుల్లో బలం ఎక్కువ.

ఇక వాసన సంగతి. మీ అత్తగారికి కుడితి తొట్టి గుర్తుండే ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు, అడుగంటిన అన్నం అన్నీ గేదె కోసం అందులోనే పడేవి. డ్రమ్ము కూడా అలాంటిదే. గేదె పొట్టలో ఉండే రకం సూక్ష్మజీవులే ఇందులోనూ గ్యాస్ చేస్తాయి. అందుకే మొదట పేడా నీళ్ళూ సమంగా కలిపి నింపి, మూడు నాలుగు వారాలు ఆగమంటారు. మొదట వచ్చే గ్యాస్ సరిగా మండదు, కంగారు పడకుండా బయటికి వదిలేయండి. తర్వాత రోజూ కొంచెం కొంచెంగా, మిక్సీలో ఒక తిప్పు తిప్పి, నీళ్ళు కలిపి పోయాలి. సబ్బు నీళ్ళు పొరపాటున కూడా వద్దు. ఎముకలు, కొబ్బరి పీచు, గుడ్డు పెంకులు అసలు అరగవు.

దానికి అజీర్తి చేస్తేనే కంపు. నేను చేసిన వెధవ పని చెబుతాను. ఆవకాయకైతే కాయని చెక్కుతోనే కొడతాం, జీడి తప్ప ఏమీ మిగలదు. మాగాయకి చెక్కు తీయాలి కదా. ఆ రోజు మిగిలిన రెండు బకెట్ల పుల్లటి మామిడి చెక్కు మొత్తం డ్రమ్ములో కుమ్మరించాను. మర్నాటికల్లా గ్యాస్ నిండే పై డ్రమ్ము నిండుగా లేచింది. మురిసిపోయి అగ్గిపుల్ల గీస్తే అంటుకోలేదు. పులిసిన దోసెల పిండి వాసన వీధి దాకా వచ్చింది. జరిగిందేమిటంటే, చెత్తని పులియబెట్టే జీవులు ఒక రకం, ఆ పులుపుని తిని మండే మీథేన్ చేసేవి ఇంకో రకం. మొదటివి చురుకు, రెండోవి నిదానం. పులుపు ఎక్కువైతే రెండోవి చేతులెత్తేస్తాయి, మండని బొగ్గుపులుసు వాయువే (కార్బన్ డయాక్సైడ్) మిగులుతుంది. పది రోజులు లంఖణం పెట్టి, రెండు బకెట్ల పేడ, కాస్త సున్నపు తేట పోస్తే గానీ దారికి రాలేదు. అప్పటినుంచీ నిమ్మ తొక్కలు కూడా మొక్కల మొదట్లోకే.

ప్లాస్టిక్ కవర్లు ఇందులో వేయకండి, అరగవు సరికదా గొట్టాలకి అడ్డుపడతాయి. వాటిని పొడి చెత్తలో ఇచ్చేయండి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో మొదలైన కేంద్రం లాంటి చోట్ల చెత్తని కాల్చి కరెంటు తీస్తారు. అక్కడ తడి కలిస్తే మంట సరిగా రాదు, మన డ్రమ్ములో పొడి కలిస్తే గ్యాస్ రాదు. అదే ఊళ్ళో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో మన డ్రమ్ము లాంటిదే పెద్ద ఎత్తున కట్టారు, ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ వారి పరిజ్ఞానంతో. రోజుకి 10 టన్నుల కుళ్ళిన కూరగాయలతో 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల గ్యాస్ వస్తాయని చెప్పారు. వాళ్ళకి చెత్త కొదవ లేదు. మనకి కిలోన్నరే.

డబ్బు చేతిలో పెట్టే ముందు, ఏడాది కిందట తను అమర్చిన ఇల్లు ఒకటి చూపించమని ఆయన్ని అడగండి. పొద్దున్నే వెళ్ళండి. కాఫీ ఆ పొయ్యి మీదే పెట్టమనండి.